కలుపు కాలంలో రాలేమన్న పాటగత్తెలు: కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా ఒక రోజు

మా బుర్రకథ దళంలో ముగ్గురం ఆడవాళ్లం. కథ చెప్పేది నేను, గుమ్మెటలు పట్టుకుని వంత పాడేది సుగుణ, రమణమ్మ. మాది తెనాలి. ఈ వేసవిలో ఫ్రాన్స్‌లోని ఒక చిన్న పట్టణం నుంచి మాకు వచ్చే ఏడాది జరిగే ఉత్సవానికి పిలుపు వచ్చింది. బస, భోజనం వాళ్లు చూసుకుంటారట, విమానం టికెట్లు మాత్రం మేమే తెచ్చుకోవాలట. అక్కణ్నుంచి మొదలైంది నా వెతుకులాట. ఎక్కడికి రాసినా ఈ ఏడాదికి నిధులు లేవనడమో, అసలు జవాబే ఇవ్వకపోవడమో. ఆ రోజుల్లోనే, విదేశాలతో కళల మార్పిడికి ఇచ్చే గ్రాంట్ల గురించి ఎవరో పెట్టిన ఆన్‌లైన్ సమావేశంలో కూర్చున్నాను. అందరూ ఇంగ్లిషులో మాట్లాడుతుంటే నేను తెలుగులో నా గోడు చెప్పుకున్నాను. వెంటనే ఒకామె గొంతు వినిపించింది. "అక్కా, మీరు పోయేదానికి దుడ్డు అడగతా ఉండారు. వాళ్లు మీ ఊరికి వచ్చేదానికి అడగమని చెప్పండి. అది రొంబ సులువు."

ఆ తెలుగు నేనెప్పుడూ విననిది. పాతగా ఉంది, తమిళపు ఊపుతో సాగుతోంది. ఆమె పేరు రామలక్ష్మి. కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. పుదూరు దగ్గరున్న తన పుట్టినూళ్లో కలుపు పాటలు పాడే ఆడవాళ్లను కూడగట్టి, వాళ్లను ఐరోపాలోని ఎస్తోనియాకు తీసుకువెళ్లే పనిలో ఉంది. అదెలా కుదిరిందని ఫోన్ చేసి అడిగితే, "ఫోన్లో చెప్తే సగమే తెలుస్తది. ఒకసారి వచ్చి చూడండి. వచ్చే బుదవారం మాకి వాళ్లతో వీడియో కాల్ ఉండాది. ఆ పొద్దే రాండి" అంది.

ఇటువైపు వెళ్లాలనుకునేవాళ్లకు తేలికైన దారి చెబుతాను. విజయవాడ నుంచి చెన్నై చేరి, ఎగ్మోర్‌లో రాత్రిపూట దక్షిణానికి వెళ్లే రైలెక్కితే తెల్లవారాక కోవిల్‌పట్టిలో దిగవచ్చు. స్లీపర్ టికెట్ ఐదు వందల లోపే. నేను దిగేసరికి ఏడు దాటింది. సెప్టెంబరు నడుమ అయినా ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. స్టేషన్ బయట ఆటో అతను బస్టాండుకు ఎనభై అడిగాడు, అరవైకి ఒప్పుకున్నాడు. నేను ఫోన్లో సుగుణతో తెలుగులో మాట్లాడటం విని అద్దంలోంచి చూశాడు.

"తెలుంగా? మా ఇంట్లోనూ అదే బాస. బయట తమిళ్, ఇంట్లో అమ్మతో తెలుంగు" అన్నాడు.

"మీ పిల్లలతో?"

"వాళ్లు టీవీ బాస" అని నవ్వేశాడు.

బస్టాండులో రామలక్ష్మి నాకోసం నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి. నూలుచీర, భుజాన ఆఫీసు సంచి, చేతిలో కడలై మిఠాయి పొట్లం. వేరుశనగ, బెల్లం కలిపి చేసే ఆ మిఠాయికి ఈ ఊరు పెట్టింది పేరు. నన్ను చూడగానే "రాండి రాండి, టిఫిన్ తిని పోదాము" అని పక్కనే ఉన్న మెస్‌కు తీసుకుపోయింది. పొంగల్, వడ తింటూ అసలు సంగతి అడిగాను.

మొదట్లో ఆమె కూడా నాలాగే చేసిందట. ఆడవాళ్లందరికీ ఒకే రంగు చీరలు కట్టించి, వేదిక మీద నిలబెట్టి ఫొటోలు తీయించి, కనిపించిన సంస్థకల్లా పంపింది. ఎవరూ పలకలేదు. ఒకరోజు ఊరికి వెళ్లినప్పుడు పొలంలో కలుపు తీస్తూ పాడుతున్నవాళ్లను ఫోన్లో రికార్డు చేసింది. గాలి హోరు, మధ్యలో ఎవరో దగ్గడం, మేకల అరుపు అన్నీ అందులో ఉన్నాయి. పనిపాటలు సేకరించే గాయకుల బృందం ఒకటి ఎస్తోనియాలో ఉందని ఇంటర్నెట్‌లో చూసి, ఆ రికార్డింగును వాళ్లకు పంపింది. వాళ్లలో మారే అనే గాయని జవాబిచ్చింది. తమ ద్వీపంలోనూ ముందు ఒకామె ఒక వరుస పాడితే మిగతావాళ్లు అదే వరుస తిరిగి పాడతారనీ, మీ పాటలోనూ అదే వినిపించిందనీ రాసింది.

"నాకి అప్పుడు ఒక ఆలోచన తట్టింది అక్కా. మమ్మల్ని పిలవండి అని అడగలేదు. ముందు మీరు మా ఊరికి రండి అంటిని. వాళ్ల దేశంలో వాళ్ల కళాకారులు బయటికి పోయేదానికి నిదులు ఉంటాయి. వాళ్లు అడిగితే వస్తది. మాకి కావాల్సింది ఇంట్లో ఒక చాప, ఒక ముద్ద అన్నము, అంతేగా."

మారే పోయిన ఏడాది నవంబరులో వచ్చి రెండు వారాలు ఆ ఊళ్లోనే ఉంది. వెళ్లిపోయాక, వీళ్లను తమ దేశానికి రప్పించడానికి తన దేశపు సాంస్కృతిక నిధికి తానే దరఖాస్తు పెట్టింది. ఆరుగురికి రానుపోను టికెట్లు, వీసా ఖర్చు, ఇంటి దగ్గర పోయే కూలికి బదులు రోజుకింత. ఆ చివరిది అడగొచ్చని నాకు అప్పటిదాకా తోచనే లేదు. "ఎట్ల అడక్కుండా ఉంటాము? పాట పాడేది కూడా వేలైయే కదా" అంది రామలక్ష్మి. వేలై అంటే పని. ఈలోగా ఇక్కడ అందరికీ పాస్‌పోర్టులు చేయించింది. మన ప్రభుత్వమూ కళాకారులకు ప్రయాణ ఖర్చు కొంత ఇస్తుందనీ, ఆహ్వానం చేతికొచ్చిన వెంటనే నెలల ముందే అడగాలనీ, అది రాకపోయినా ప్రయాణం ఆగకుండా చూసుకోవాలనీ చెప్పింది. నేను వింటూ రెండో కాఫీ కూడా చల్లార్చేశాను.

కోవిల్‌పట్టి నుంచి ఎట్టయపురం, విళాత్తికుళం మీదుగా బస్సులో వెళ్లి, అక్కడ పుదూరు వైపు టౌను బస్సెక్కాలి. మొత్తం రెండు గంటలు వేసుకోండి. మొదటి బస్సుకు యాభై లోపు. టౌను బస్సులో ఆడవాళ్లకు టికెట్టు లేదు. నేను నోటు తీయబోతే కండక్టరు వద్దని చేయి ఊపాడు. దారి పొడవునా దున్ని వదిలిన నల్లరేగడి నేలలు. వాన పడితే విత్తుదామని కొందరు, పడుతుందన్న నమ్మకంతో ముందే విత్తేసి కొందరు. ఇక్కడ ఏరు లేదు, కాలువ లేదు. ఐప్పసి, కార్తీక మాసాల్లో, అంటే అక్టోబరు నడుమ నుంచి డిసెంబరు నడుమ దాకా పడే వానే ఏడాదికంతటికీ ఆధారం. ఊరి పేరు రాయవద్దని రామలక్ష్మి అడిగింది, అందుకే రాయడం లేదు.

ఊళ్లో మమ్మల్ని మొదట పలకరించింది జక్కమ్మాళ్. జట్టుకు ముందుపాట ఆమెదే. అరవై దాటిన మనిషి, చెవులకు బరువైన దిద్దులు, గొంతులో చిన్న జీర. అరుగు మీద చాప వేసి, ఇత్తడి చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

"యాడనించి వస్తివమ్మా? తెనాలియా? అది తిరుపతికి ఆ పక్కా, ఈ పక్కా?"

"ఆ పక్కన, ఇంకా చాలా దూరం అవ్వా."

"మా పెద్దోళ్లు ఆ పక్కనించే వచ్చినారంట. యెప్పుడో. నీ మాట సినిమాలో ఉండేట్ల ఉండాది. మా మాట నీకి తెలుస్తా ఉండాదా?"

తెలుస్తోందన్నాను. నిజానికి కొన్ని మాటలు తెలియలేదు, కానీ అడగబుద్ధి కాలేదు. భోజనాల వేళకు మిగతావాళ్లూ వచ్చారు. వాళ్లలో పాపమ్మ నాకు వెంటనే గుర్తుండిపోయింది. నలభై అయిదేళ్ల మనిషి, గలగలా మాట్లాడుతుంది. భర్త లేడు. ఉన్న కాస్త పొలమూ తానే చేసుకుంటుంది. కొడుకు తూత్తుకుడిలో హార్బర్ పనికి పోతాడు. పాస్‌పోర్టు వచ్చిన రోజు ఊరంతా తిప్పి చూపించిందట. "విమానములో కిటికీ పక్క సీటు నాకే. ఇప్పుడే చెప్తా ఉండాను" అని అందరి ముందూ ఖరారు చేసుకుంది.

కంబు అనే సజ్జల సంగటి, మునగాకు కూర తిన్నాక నేనడిగితే పాడారు. కూర్చుని పాడటం రాదని లేచి నడుం వంచారు. జక్కమ్మాళ్ ఎత్తుకుంది.

"కరిమట్టి నా కాలి కంటుకొనె సూడు
కడిగినా పోదమ్మ కన్నోరి మట్టి"

మిగతా అయిదుగురూ అదే వరుసను ఇంకొంచెం కిందిస్థాయిలో తిరిగి పాడారు. చేతులు గాలిలోనే కలుపు తీస్తున్నాయి, అడుగులు ఒకే లెక్కలో ముందుకు పడుతున్నాయి. వేదిక మీద పాతికేళ్లుగా కథ చెబుతున్నదాన్ని, అయినా ఆ గొంతుల్లో ఉన్న నిబ్బరం నాకింకా పట్టుబడలేదు. తమిళ బడిలో చదువుకున్న రామలక్ష్మి ఈ పాటలన్నీ తమిళ లిపిలో రాసి పెట్టుకుంది. తెలుగు అక్షరాలు వాళ్లలో ఎవరికీ రావు.

మారే కబుర్లు కూడా అప్పుడే చెప్పారు. వచ్చిన మర్నాడే ఆమె పొలానికి బయల్దేరిందట. కలుపు అనుకుని మినుము మొక్కలు పీకేసిందట. "నేను తిట్టినాను. ఆ పిళ్ళకి నా మాట తెలవదు, అయినా తిట్టినానని తెలిసిపోయింది" అంది పాపమ్మ. రెండో వారానికి మారే వాళ్లతో సమానంగా వరుస పట్టింది. వాన ఒకరోజు ఎక్కువ కురిస్తే కలుపు ఎలా కమ్ముకుంటుందో, ఆ వారం దాటితే పైరు ఎలా చచ్చిపోతుందో కళ్లారా చూసింది.

వీడియో కాల్ మధ్యాహ్నం మూడున్నరకు. ఊళ్లో సిగ్నల్ సరిగ్గా అందేది పాల సొసైటీ గదిలోనే. పాల క్యాన్లు పక్కకు జరిపి, రామలక్ష్మి లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టింది. తెర మీద ఇద్దరు కనిపించారు. ఒకామె మారే, ఆరుగురినీ చూసి రెండు చేతులూ ఊపింది. రెండో ఆమె నిధి తరఫున వచ్చిన అధికారిణి. మర్యాదగా, నెమ్మదిగా ఇంగ్లిషులో మాట్లాడింది. శుభవార్త అంది. దరఖాస్తు తుది దశకు వచ్చింది. నవంబరు మధ్యలో రాజధానిలోని పెద్ద కచేరీ హాలు దొరికింది. ఆ తేదీలకు సరేనంటే ఈ వారంలోనే మంజూరు చేస్తామంది.

రామలక్ష్మి ముఖం మారింది. అప్పటిదాకా అనుకున్నది ఫిబ్రవరి అట. ఆడవాళ్ల వైపు తిరిగి సంగతి చెప్పింది.

"నవంబర్ అంటే కార్తీకమేగా" అంది జక్కమ్మాళ్. "కలుపు ఎత్తే కాలము."

"కూలికి ఆళ్లని పెట్టుకుంటాము చిన్నమ్మా" అంది పాపమ్మ తొందరగా.

"ఆ నెలలో ఆళ్లు యాడ దొరుకుతారే? అందరి పొలములోనూ అదే వేలై. మనము ఆరు మందీ ఒకే తూరి పోతే మన పొలాలు యేమయ్యేది? నీది యేమయ్యేది?"

అధికారిణి ఎదురుచూస్తోంది. ఫిబ్రవరి ఇక కుదరదనీ, హాలు తేదీలు మారవనీ, కుదరకపోతే వరుసలో ఇంకో దేశపు జట్టు ఉందనీ మృదువుగానే చెప్పింది. నేను మూల కూర్చుని ఉన్నాను. సరే అనేయి, పొలం సంగతి తర్వాత చూసుకోవచ్చు అని మనసులో అరుస్తున్నాను. ఇన్నేళ్ల తిప్పలూ ఒక్క మాటలో పోతాయే అని భయం. రామలక్ష్మి జక్కమ్మాళ్ వైపు చూసింది. ఆమె తల అడ్డంగా ఊపింది. "రాలేమని చెప్పు. ఆని నెలలో పిలిస్తే కండిప్పా వస్తామని చెప్పు. ఆనిలో మన నేల సుమ్మా పండుకుని ఉంటది."

రామలక్ష్మి చెప్పింది. ఎక్కడా మాటను నమలలేదు. నవంబరులో మా పొలాలు మమ్మల్ని వదలవు, జూన్‌లో, ఆని నెలలో పొలం ఖాళీగా ఉన్నప్పుడు, అందరం తప్పకుండా వస్తాం, ఈ పాట ఆ పొలం నుంచే వచ్చింది కాబట్టి దాన్ని ఎండబెట్టి రాలేం అంది. అవతల మారే తన భాషలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. చేతులతో కలుపు పీకుతున్నట్టు కూడా చూపించింది. చివరికి అధికారిణి, తాను మాట ఇవ్వలేననీ, పైవాళ్లతో మాట్లాడతాననీ అంది. తెర నల్లబడింది.

పాపమ్మ లేచింది. "నోటి కాడి ముద్ద తోసేస్తిరి" అని రామలక్ష్మితో అని, చెప్పులు వేసుకోకుండానే బయటికి వెళ్లిపోయింది. ఎవరూ ఆపలేదు. కాసేపటికి తక్కినవాళ్లూ కదిలారు. రామలక్ష్మి లాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటూ, "నేను తప్పు చేస్తినా అక్కా?" అని అడిగింది. నేను ఆమె భుజం మీద చేయి వేశాను. జక్కమ్మాళ్ మాత్రం, "తప్పు కాదు పో. ఆడ పాడితే చప్పట్లు కొడతారు. ఈడ పైరు పోతే యెవురు కొడతారు?" అని చీర కొంగు దోపుకుంది.

అయిదింటికి నేను బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాను. రామలక్ష్మి సాగనంపడానికి తోడు వచ్చింది. అప్పుడే ఆమె ఫోన్ మోగింది. మారే. ఈసారి ఆమె ఒక్కతే. రామలక్ష్మి "ఓకే, ఓకే" అంటూ వింది, కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఇస్తామన్న నిధిని వచ్చే ఏడాది జూన్‌కు మార్చడానికి ఒప్పుకున్నారట. అయితే రాజధానిలో కచేరీ లేదు, హాలు వాళ్లిచ్చే పారితోషికమూ లేదు. బదులుగా నేరుగా మారే వాళ్ల ద్వీపానికే వెళతారు. జూన్ ఆఖరులో అక్కడ ఊరూరా నెగళ్లు వేసి పాడే పండుగ ఉంటుంది. అక్కడి ఆడవాళ్ల ఇళ్లలోనే ఉంటారు. టికెట్లు ఆరుగురికీ అలాగే.

"ఎలా ఒప్పుకున్నారు?" అన్నాను.

"మారే చెప్పిందంట. నేను ఆ నెలలో ఆ పొలములో ఉంటిని, వాళ్లు చెప్పేది నిజము అని." ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. "తను రాకుండా ఉంటే ఈ మాట యెవురు చెప్పేది?"

బస్సు వచ్చింది, వదిలేశాను. ఇద్దరం పాపమ్మ ఇంటికి నడిచాం. ఆమె వాకిట్లో కూర్చుని ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. మమ్మల్ని చూసి తల ఎత్తలేదు. రామలక్ష్మి ఎదురుగా గొంతుక్కూర్చుని అంతా చెప్పింది. పెద్ద హాలు లేదన్న మాట కూడా దాచలేదు. పాపమ్మ చేతులు ఆగాయి.

"విమానము ఉండాదా?"

"ఉండాది."

ఇంకో మిరపకాయ తొడిమ తీసింది. "ఆని నెలలో ఆ ఊర్లో సల్లగా ఉంటదా? స్వెట్టర్ వేణుమా?"

"వేణుము. ఆ పండుగప్పుడు ఆడ చీకటే సరిగా పడదంట. పదకొండు గంటలకి కూడా వెలుతురు ఉంటదంట."

"అయ్యో, అప్పుడు పండుకునేది యెప్పుడే?" అని పాపమ్మ మిరపఘాటుకు తుమ్మి, ఆ తుమ్ములోనే నవ్వేసింది. రామలక్ష్మి ఆమె భుజానికి తల ఆనించి ఏడ్చేసింది. "పిచ్చి పిళ్ళా, యేల ఏడుస్తావు? కంట్లో కారము పడతది" అని పాపమ్మ ముంజేత్తో ఆమెను నిమిరింది.

తర్వాతి బస్సులో పుదూరు, అరుప్పుకోట మీదుగా విరుదునగర్ వచ్చాను. మారడానికి పట్టే సమయంతో కలిపి రెండు గంటల పైనే. మిరప, నూనె, పప్పుల వ్యాపారంతో పెరిగిన ఊరు ఇది. నేను చేరేసరికి చీకటిపడి బజారు మూతపడింది గానీ పరోటా కొట్లు మాత్రం వెలిగిపోతున్నాయి. ఇక్కడి నూనె పరోటా వేరు. పెనం నిండా నూనెలో ముంచి గారెలా కరకరలాడేట్టు వేయిస్తారు. ఒకటి చాలన్నాను. పరోటా మాస్టరు నా పళ్లెంలో రెండు పెట్టి, విరిచి, పైన సాల్నా అనే పలచటి కారపు పులుసు పోశాడు. "ఒకటితో విరుదునగర్ దాటి పోయినవాళ్లు లేరమ్మా" అన్నాడు తమిళంలో. ఆయన మాటే నిజమైంది. వంద రూపాయల్లో కడుపు నిండిపోయింది. చెన్నై వెళ్లే రాత్రి రైళ్లు ఇక్కడ ఆగుతాయి, వారం ముందు బుక్ చేసుకుంటే బెర్తు దొరుకుతుంది.

రైల్లో పడుకుని చాలాసేపు ఆ పాల సొసైటీ గదినే తలుచుకున్నాను. ఇన్నాళ్లూ నిధులంటే ఎక్కడో తలుపు వెనుక ఉంటాయనీ, గట్టిగా తట్టినవాళ్లకు తెరుస్తారనీ అనుకునేదాన్ని. రామలక్ష్మి తలుపు తట్టలేదు. తన ఇంటి తలుపే ముందు తెరిచింది. లోపలికి వచ్చిన మనిషి వీళ్ల ఎండనూ వాననూ ఒంటి మీద మోసింది కాబట్టే, అవతలి దేశంలో కూర్చుని వీళ్ల తరఫున నిలబడగలిగింది. ఇంటికి రాగానే ఫ్రాన్స్ వాళ్లకు రాశాను, మీ ఉత్సవానికి ముందు మీ కథకుల్లో ఒకరు తెనాలి వచ్చి మాతో ఉంటారా అని. పది రోజులకు జవాబు వచ్చింది. అక్కడ తోలుబొమ్మలతో కథ చెప్పే ఒకామె రావడానికి ఇష్టపడుతోందనీ, తన ప్రయాణానికి అక్కడి నిధికి దరఖాస్తు పెడుతోందనీ రాశారు. ఏమవుతుందో చూడాలి. రమణమ్మ మాత్రం అప్పుడే ఇంటికి సున్నం వేయిస్తానంటోంది.

ఈ దారిన ప్రయత్నించేవాళ్లకు ఒక్క సలహా. పరాయి దేశపు బృందానికి రాసే మొదటి మెయిల్‌లోనే మీ జట్టు రాలేని నెలలు ఏవో, ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పండి. అవి రాసే ముందు జట్టులో ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడగండి, ముఖ్యంగా అన్నిటికీ ముందుగా సరేననే మనిషిని.